ఆన్‌లైన్ చెస్‌లో రేటింగ్ కదలడం లేదా? మీ ఆటను మీరే పరీక్షించుకుని బాగుచేసుకోవడం ఎలా

రోజూ ఆడుతున్నారు. రాత్రి భోజనం అయ్యాక నాలుగైదు గేములు, ఆదివారం ఇంకొన్ని. అయినా రేటింగ్ 900 దగ్గరో 1150 దగ్గరో ఆగిపోయింది. కాస్త పైకెళ్తుంది, వారం తిరక్కుండా మళ్లీ అక్కడికే దిగుతుంది. ఇలాంటప్పుడు చాలామంది యూట్యూబ్‌లో కొత్త ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస) వెతుక్కుంటారు. ముందు చేయాల్సింది అది కాదు. మీ గేములు ఎక్కడ చేజారుతున్నాయో తెలుసుకోవాలి. అది తెలుసనే అందరం అనుకుంటాం. కానీ ఓడిన గేముల్ని వరసపెట్టి, ఎత్తు ఎత్తుగా చూసినవాళ్లకే అది నిజంగా తెలుస్తుంది.

ఇది సుమారు 700 నుంచి 1500 రేటింగ్ మధ్య ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. కోచ్ అక్కర్లేదు, డబ్బు ఖర్చు అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, వారానికి రెండు మూడు గంటల తీరిక ఉంటే చాలు.

ముందు రేటింగ్ అంకె సంగతి

లీచెస్‌లో కొత్త ఖాతా తెరిస్తే అందరికీ 1500 దగ్గర మొదలవుతుంది. చెస్.కామ్‌లో చేరేటప్పుడు మీ స్థాయి ఏమిటని అడిగి దాన్నిబట్టి మొదలుపెడతారు. ఆడేవాళ్లూ వేరు. అందుకే ఒకే మనిషికి ఒక సైటులో 1000, ఇంకో సైటులో 1300 కనిపించడం మామూలే. ఈ రెండూ ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ కావు. ఫిడే 2024 మార్చి నుంచి తన జాబితాలో కనీస రేటింగ్‌ను 1400కి పెంచింది, అంతకు తక్కువ అక్కడ ఉండదు. కాబట్టి ఆఫీసులో పక్క సీటు ఆయన ఇంకో సైటులో ఎంత ఉన్నాడో మీకు అనవసరం. అదే సైటులో, అదే టైం కంట్రోల్‌లో (గేముకు ఇచ్చే టైం) మూడు నెలల కిందట మీరెంత ఉన్నారో, అదొక్కటే పోల్చుకోండి.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. రేటింగ్ లెక్కకట్టే ఎలో పద్ధతిలో మీకంటే 100 పాయింట్లు ఎక్కువున్న మనిషి మీతో నూరు గేములు ఆడితే సుమారు 64 పాయింట్లు తెచ్చుకుంటాడు (గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర). 200 ఎక్కువుంటే సుమారు 76. అంటే మీకంటే 200 తక్కువున్నవాళ్లు కూడా మీ దగ్గర నూటికి దాదాపు పాతిక పాయింట్లు పట్టుకుపోవడం మామూలే. ఒక రాత్రి వరసగా మూడు ఓడిపోయి 30 పాయింట్లు తగ్గితే ఆట పాడైపోయినట్టు కాదు. జ్వరం ఎంతుందో థర్మామీటర్ చెప్తుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. రేటింగ్ కూడా అంతే.

ఏ గేములు చూడాలి

బుల్లెట్ గేముల్ని పక్కన పెట్టండి. నిమిషం ఆటలో ఎవరు ఓడారన్నది సగం వేళ్ల వేగం తేలుస్తుంది, అందులో మీ ఆలోచన ఎలా నడిచిందో దొరకదు. మూడు నిమిషాల బ్లిట్జ్ కూడా పరీక్షకు అంతగా పనికిరాదు. కనీసం 10 నిమిషాల గేములు కావాలి. 15+10 ఇంకా మంచిది, అంటే 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు అదనం. ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌షిప్ జరిగేది ఈ లెక్కనే. మన కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో టైటిల్ గెలిచింది ఇందులోనే. ఆలోచించడానికి చోటుంటుంది, అలాగని సాయంత్రమంతా పోదు. ఇప్పటిదాకా బ్లిట్జ్ మాత్రమే ఆడుతున్నవాళ్లు ఓ రెండు మూడు వారాలు 15+10 ఆడి, ఆ తర్వాతే ఈ పరీక్షకు కూర్చోండి.

అందులోంచి ఈమధ్య ఓడిన 20 గేములు తీయండి. తక్కువుంటే ఉన్నన్ని తీయండి. గెలిచినవి చివర్లో చూద్దాం.

ఇంజిన్ తెరవకుండా, మీ కళ్లతో

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది. ఎక్కువమంది దాటేసేదీ ఇదే. గేమ్ అవ్వగానే రివ్యూ బటన్ నొక్కితే ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే స్టాక్‌ఫిష్ లాంటి ప్రోగ్రామ్, ఒక్క క్షణంలో ఎక్కడ ఎర్రగుర్తో ఎక్కడ పచ్చగుర్తో చూపించేస్తుంది. "ఓహో, ఇక్కడ తప్పు" అనుకుని మూసేస్తారు. ఏ ఎత్తు తప్పో తెలిసింది. ఆ ఎత్తు వేసేటప్పుడు మీ బుర్రలో ఏముందో ఇంజిన్‌కు తెలియదు, అది చెప్పగలిగేది మీరొక్కరే. పైగా ఒకసారి జవాబు చూశాక మీ అసలు ఆలోచన గుర్తు రావడం కష్టం.

కాబట్టి ఇంజిన్ ఆపేసి గేమును మొదటి నుంచి నడపండి. ప్రతి గేముకూ నోట్‌బుక్‌లో మూడు విషయాలు రాయండి. ఇబ్బందిలో పడ్డానని మీకు మొదట అనిపించింది ఏ ఎత్తు దగ్గర? దానికి ముందు ఎత్తులో మీరేం అనుకుని ఆడారు? అప్పుడు గడియారంలో ఎంత టైం ఉంది? మూడో దానికి జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు, ఎత్తు ఎత్తుకూ పట్టిన టైం సైటులోనే కనిపిస్తుంది.

1000, 1200 స్థాయిలో తరచుగా కనిపించే ఒక గేము తీసుకుందాం. మీవి నల్లపావులు. తెలుపు ఇ4, మీరు ఇ5. తెల్లగుర్రం ఎఫ్3కి, మీ గుర్రం సి6కి. తెల్లబిషప్ సి4కి, మీ రెండో గుర్రం ఎఫ్6కి. నాలుగో ఎత్తులో తెల్లగుర్రం జి5కి దూకింది. ఎఫ్7 బంటు మీద బిషప్, గుర్రం రెండూ గురిపెట్టాయి. మీరది చూశారు, డి5 అని బంటు తోసి బిషప్‌కు అడ్డం పెట్టారు. మంచి ఎత్తే. తెలుపు ఇ బంటుతో ఆ బంటును కొట్టింది. మీరు వెంటనే ఎఫ్6 గుర్రంతో తిరిగి కొట్టారు. అప్పుడు తెల్లగుర్రం ఎఫ్7లో పడుతుంది. మంత్రి మీదా, ఏనుగు మీదా ఒకేసారి దాడి, కాబట్టి దాన్ని రాజుతో కొట్టక తప్పదు. తెల్లమంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ ఇస్తుంది. అదే మంత్రి డి5లో ఉన్న మీ గుర్రాన్ని కూడా చూస్తోంది. ఆ గుర్రాన్ని కాపాడుకోవాలంటే రాజు ఇ6కి, బోర్డు మధ్యలోకి నడవాల్సిందే. అక్కడి నుంచి బతికి బయటపడటం ఈ స్థాయిలో అరుదు.

ఈ గేమును నోట్‌బుక్‌లో ఎలా రాస్తారు? చాలామంది "ఎఫ్7 ట్రాప్‌లో పడ్డాను" అని రాస్తారు. ఇంజిన్‌ను అడిగితే ఐదో ఎత్తులో గుర్రంతో కొట్టకుండా సి6 గుర్రాన్ని ఎ5కి పంపి బిషప్‌ను తరమాల్సిందని చెప్తుంది. రెండూ నిజమే. అయితే గుర్రం ఎ5 అని బట్టీపడితే ఈ ఒక్క ఓపెనింగ్‌లోనే బయటపడతారు. అసలు జరిగింది వేరు. బంటు పోయింది, తిరిగి కొట్టేశారు, ఆ ఎత్తుకు మీకు పట్టింది రెండే సెకన్లు. కొట్టక ముందు "నేను కొడితే వాళ్లకు ఏ చెక్‌లున్నాయి, ఏమేం కొట్టగలరు" అని అడగలేదు. నోట్‌బుక్‌లోకి రావాల్సిన మాట "తిరిగి కొట్టేటప్పుడు ఆలోచించలేదు". మిగతా 19 గేముల్లో ఈ మాటే మళ్లీ మళ్లీ రాయాల్సివస్తే మీకు అసలు జబ్బు దొరికినట్టే.

రోజుకు ఒకటి రెండు గేములకంటే ఎక్కువ చూడొద్దు. అలసిపోతే మొక్కుబడిగా రాస్తారు.

ఇప్పుడు ఇంజిన్

మీరు రాసుకున్నాక విశ్లేషణ నడపండి. లీచెస్‌లో ఇది పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు.

ఆక్యురసీ శాతాన్ని పట్టించుకోకండి. పావులన్నీ పోయి తేలిగ్గా నడిచిన గేములో 90 వస్తుంది, గందరగోళం మధ్య వీరోచితంగా ఆడిన గేములో 70 వస్తుంది. చూడాల్సింది గ్రాఫ్ (ఎవరిది పైచేయో ఎత్తు ఎత్తుకూ చూపే గీత) నిట్టనిలువుగా పడిన చోటు. +1 అంటే తెలుపుకు దాదాపు ఒక బంటు విలువైన ఆధిక్యం. మీవి తెల్లపావులనుకుంటే, +0.3 నుంచి -0.5కి వెళ్లిందని ఈ స్థాయిలో బాధపడక్కర్లేదు, దాని వెనక కారణం మనకు అర్థం కూడా కాదు. +0.5 నుంచి -3కి పడితే అక్కడ ఆగండి. +9 నుంచి +5కి తగ్గినచోట కూడా ఇంజిన్ తప్పు పెట్టొచ్చు. అది వదిలేయండి, గెలుపు చేతిలోనే ఉంది.

ఆగిన చోట ఇంజిన్ చూపే ఎత్తు వెంటనే చూడకుండా మీరే వెతకండి. లీచెస్‌లో 'లెర్న్ ఫ్రమ్ యువర్ మిస్టేక్స్' అనే బటన్ సరిగ్గా ఇందుకే ఉంది, మీ తప్పు దగ్గర బోర్డు ఆపి సరైన ఎత్తు మిమ్మల్నే వెయ్యమంటుంది. జవాబు చూశాక కూడా ఎందుకో తెలియకపోతే, మీరు అనుకున్న ఎత్తును బోర్డు మీద వేసి దానికి ఇంజిన్ ఏం బదులిస్తుందో చూడండి. సాధారణంగా ఒక్క జవాబు ఎత్తుతో సంగతి తేలిపోతుంది. పది ఎత్తుల లోతుకు వెళ్తేగానీ కారణం తెలియని తప్పును మాత్రం ఇప్పటికి పక్కన పెట్టేయండి.

ఓటమికి ఒకే పేరు

ఒక్కో గేముకు ఒక్కటే కారణం రాయాలి. రెండు రాయాలనిపిస్తుంది, రాయకండి. ఏది జరగకపోతే గేమ్ నిలబడేదో అదే రాయండి. నేనైతే ఈ పేర్లు వాడతాను: పావు ఊరికే పోయింది, వాళ్ల బెదిరింపు కనబడలేదు, లెక్క సగంలో తప్పింది, టైం చాలలేదు, టైం ఉన్నా తొందరపడ్డాను, ఎండ్‌గేమ్ తెలియలేదు, ఓపెనింగ్‌లోనే మునిగాను, కోపంలో ఆడాను.

ఇరవై గేములకూ పేర్లు పెట్టాక లెక్కపెట్టండి. 1200 కింద ఉన్నవాళ్లకు మొదటి రెండే ఎక్కువ వస్తాయి. ఓపెనింగ్ వల్లే ఓడినవి చాలా తక్కువని చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. అన్ని రోజులూ వీడియోలు చూసింది ఓపెనింగ్‌ల మీదే కదా!

ఏది ఎక్కువసార్లు వచ్చిందో దాని మీదే వచ్చే రెండు నెలలు పనిచేయాలి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు.

పావులు ఊరికే పోతుంటే, బెదిరింపులు కనబడకపోతే

ఈ రెండింటికీ వేరు ఒక్కటే. మన ఎత్తు గురించి ఆలోచిస్తాం, వాళ్ల ఎత్తు గురించి ఆలోచించం. మనకు మంచి ఆలోచన వచ్చినప్పుడే ఇది మరీ ఎక్కువ. చిన్న ఉదాహరణ చెప్తాను. తెలుపు ఇ4, నలుపు ఇ5. తెల్లమంత్రి హెచ్5కి, నల్లగుర్రం సి6కి. తెల్లబిషప్ సి4కి వచ్చి ఎఫ్7లో మేట్ బెదిరిస్తుంది. నలుపు జి6 వేసి మంత్రిని తరుముతుంది. మంత్రి ఎఫ్3కి వెళ్తుంది. ఇప్పుడు నలుపుకు గుర్రాన్ని డి4కి దూకించాలని మహా ఉబలాటం, తెల్లమంత్రి మీద నేరుగా దాడి కదా. దూకిన మరుక్షణం మంత్రి ఎఫ్7 బంటును కొట్టి మేట్ చేస్తుంది. ఒక బెదిరింపు తప్పించుకున్నామన్న ధీమాలో, అదే గడి మీద రెండోసారి వచ్చిన అదే బెదిరింపు కనబడలేదు. జి8 గుర్రాన్ని ఎఫ్6కి తెస్తే సరిపోయేది.

దీనికి మందు ఒక అలవాటు. ప్రత్యర్థి ఎత్తు వేయగానే, మీ ప్లాన్ వైపు వెళ్లకుండా, "ఇది దేనికి వేశారు? ఇంతకుముందు లేనిది ఇప్పుడేం చేయగలరు?" అని అడగండి. మీ ఎత్తు ఎంచుకున్నాక, వేలు పెట్టక ముందు, "నేనిది వేస్తే వాళ్లకు ఏ చెక్‌లున్నాయి? ఏ పావులు కొట్టగలరు?" అని ఇంకోసారి అడగండి. మొదట్లో ప్రతి ఎత్తుకూ ఇది విసుగ్గానే ఉంటుంది, 10 నిమిషాల గేములో టైం కూడా తింటుంది. అందుకే 15+10 అన్నాను. మొదటి రెండు వారాలు రేటింగ్ తగ్గినా ఈ అలవాటును వదలకండి. మూడో వారానికి ఊరికే పోయే గుర్రాలు తగ్గడం మీకే కనబడుతుంది.

ఫోన్‌లో ఆడేవాళ్లు సెట్టింగ్స్‌లో ఎత్తు ఖాయం చేసే ఆప్షన్ ఆన్ చేసుకోండి. బస్సు కుదుపుకు వేలు పక్క గడి మీద పడి మంత్రి పోయిన గేములు కూడా ఇంతవరకు "పొరపాటు" కిందే లెక్కపడుతున్నాయి.

లెక్క తప్పుతుంటే

పజిల్స్ చేయండి, కానీ నెమ్మదిగా. ఎక్కువమంది మొదటి ఎత్తు తోచగానే వేసేసి, తప్పైతే ఇంకోటి ప్రయత్నిస్తారు. దాంతో ఊహించడం అలవాటవుతుంది, లెక్కపెట్టడం రాదు. మొత్తం వరసా, ప్రత్యర్థి జవాబులతో సహా, తలలో పూర్తయ్యాకే మొదటి పావు కదపండి. రోజుకు పదిహేను నిమిషాల్లో ఐదు పజిల్స్ అయితే చాలు, ఐదూ సరిగ్గా చేయండి. లీచెస్‌లో ఫోర్క్ (ఒకే పావు ఒకేసారి రెండింటి మీద దాడి), పిన్ (కదిలితే వెనకున్న పెద్ద పావు పోయేలా కట్టేయడం), వెనక వరస మేట్ అని థీమ్‌లవారీగా దొరుకుతాయి. మీ నోట్‌బుక్‌లో ఏది ఎక్కువుందో దానితో మొదలుపెట్టి, కొన్నాళ్లకు కలగాపులగంగా చేయండి. నిజం గేములో "ఇప్పుడు ఫోర్క్ ఉంది" అని ఎవరూ చెప్పరు కదా.

టైం

10 నిమిషాల గేము ఓడినప్పుడు మీ గడియారంలో ఇంకా ఆరు నిమిషాలుంటే, తొందరే కారణం. మీ చేతిలో ఉన్న సంపదలో సగానికి పైగా వాడకుండా వదిలేశారు. ఓపెనింగ్ దాటాక, పావులు ఒకదానికొకటి ఎదురుపడి కొట్టుకునే వేళకు వచ్చినప్పుడు ఒక్కచోటైనా నిండా నిమిషం ఆగి చూడండి. దీనికి వ్యతిరేకం ఇంకో రకం: పన్నెండో ఎత్తుకే సగం టైం అయిపోతుంది. వాళ్లకు ఓపెనింగ్ కొంచెం తెలియాలి.

ఓపెనింగ్, ఎండ్‌గేమ్

ఓపెనింగ్ గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. తెల్లపావులతో ఒకటి, ఇ4కు జవాబుగా ఒకటి, డి4కు జవాబుగా ఒకటి. మొత్తం మూడు. ఏడాది మార్చకండి. ప్రతి గేమ్ అయ్యాక మీరు తెలిసిన దారి వదిలిన మొదటి ఎత్తు ఏదో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో (ఆ స్థితిలో ఇతరులు ఏ ఎత్తులు వేశారో చూపే పట్టిక) చూసి, ఆ ఒక్క ఎత్తు నేర్చుకోండి. నెల తిరిగేసరికి మీకు కావాల్సినంత వస్తుంది.

ఎండ్‌గేమ్ మాత్రం తప్పదు. మంత్రితో మేట్, ఏనుగుతో మేట్ కళ్లుమూసుకుని వచ్చేయాలి, మంత్రి చేతిలో ఉండి స్టేల్‌మేట్ (చెక్ లేకుండానే వాళ్లకు వేయడానికి ఎత్తు లేక డ్రా అవడం) ఇచ్చేవాళ్లు ఈ స్థాయిలో కొల్లలు. ఆ తర్వాత రాజు-బంటు. తెల్లరాజు ఇ5లో, తెల్లబంటు ఇ4లో, నల్లరాజు ఇ7లో ఉన్నాయనుకోండి. నలుపు ఆడాల్సి ఉంటే తెలుపు గెలుస్తుంది. తెలుపు ఆడాల్సి ఉంటే డ్రా. బోర్డు అదే, వంతు మారితే ఫలితం మారుతుంది. ఇది ఎందుకో ఇంజిన్‌తో రెండు వైపులా ఆడి తేల్చుకోండి. ఒక సాయంత్రం పడుతుంది, జీవితాంతం ఉంటుంది.

పావులు మార్చుకునే ప్రతిసారీ "మార్చుకున్నాక మిగిలే ఆట ఎవరిది" అని అడగడానికి ఇదే పునాది. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ తేలింది ఈ ప్రశ్న మీదే. పద్నాలుగో గేము, యాభై ఐదో ఎత్తు. డ్రా అవుతుందనుకున్న స్థితిలో అప్పటి చాంపియన్ చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఏనుగును ఎఫ్2కి జరిపాడు. నల్లపావులతో ఆడుతున్న మన గుకేశ్ ఏనుగులు మార్చి, బిషప్‌ను డి5లో పెట్టి మూలన ఇరుక్కున్న డింగ్ బిషప్‌ను కూడా మార్పించాడు. మిగిలింది రాజులు, బంట్లు. ఆ ఆట నలుపుదే. మూడు ఎత్తుల్లో గేము ముగిసింది. యూట్యూబ్‌లోనో సైటులోనో ఆ గేము తెరిచి, యాభై ఐదో ఎత్తు ముందు ఆపి, మార్పిడులన్నీ తలలోనే చేసి చూడండి. దీనికి మించిన పాఠం నాకు తెలియదు.

కోపంలో ఆడినవి

వరసగా రెండు ఓడితే ఆ రోజుకు రేటెడ్ గేములు ఆపేయండి. పోయిన పాయింట్లు ఆ రాత్రే తెచ్చుకోవాలనే పట్టుదలతో ఆడిన గేములు మీ జాబితాలో ఎన్నున్నాయో, అవి ఎన్ని గంటలకు ఆడారో చూడండి. పన్నెండు దాటాక ఆడినవి విడిగా లెక్కేస్తే చాలామందికి ఇంకే సలహా అక్కర్లేదు.

గేమ్ నడుస్తుండగా ఇంజిన్‌ను అడగడం, పక్కవాళ్లను అడగడం మోసం. పట్టుబడితే ఖాతా మూసేస్తారు. పట్టుబడకపోయినా ఆ గేములతో ఈ పరీక్షంతా వృథా.

పిల్లల ఆట చూసేవాళ్లకు

మీ అబ్బాయో అమ్మాయో ఆడుతుంటే ఇదే పద్ధతి వాడొచ్చు. కాకపోతే గేమ్ ఓడి లేచిన వెంటనే మాత్రం వద్దు. మర్నాడు కూర్చోబెట్టి, "ఇక్కడ నువ్వేం అనుకున్నావు?" అని మాత్రమే అడగండి. తప్పు మీరు చూపించకండి, వాళ్లను చెప్పనివ్వండి. "ఇంత చిన్నది కనబడలేదా" అన్నారంటే తర్వాతి నుంచి ఓడిన గేములు మీకు చూపించడం మానేస్తారు. అప్పుడిక పరీక్షించడానికి ఏమీ మిగలదు.

రెండు నెలల తర్వాత

మళ్లీ ఓడిన 20 గేములు తీసి, అవే పేర్లతో లెక్కవేయండి. రేటింగ్ ఎంత పెరిగిందో తర్వాత చూద్దురుగాని. "పావు ఊరికే పోయింది" అన్నవి తొమ్మిది నుంచి నాలుగుకు వచ్చాయా? వస్తే పని జరుగుతోంది, అంకె వెనకాల వస్తుంది. రాకపోతే మీరు ఆ రెండు ప్రశ్నలూ గేములో నిజంగా అడుగుతున్నారో లేదో చూసుకోండి, చాలాసార్లు మొదటి పదిహేను ఎత్తులు అడిగి తర్వాత మర్చిపోతుంటాం.

ఈసారి గెలిచిన గేములు కూడా ఓ పది తీయండి. గ్రాఫ్ మీ వైపు నుంచి కిందికి పడి, ప్రత్యర్థి చూడకపోవడంతో మళ్లీ లేచిన చోట్లుంటాయి. అవి కూడా ఓటములే, అవతలివాళ్లకు కనబడలేదు అంతే. 200 పాయింట్లు పైనున్నవాళ్లకు కనబడతాయి. వాటికీ పేర్లు పెట్టి అదే పట్టికలో చేర్చి, వచ్చే రెండు నెలలకు దేని మీద కూర్చోవాలో ఆ మొత్తం చూసి నిర్ణయించండి.